పెళ్ళిళ్ళు చెడగొడుతున్నది కొరియా కాదు

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయిలో నలుగురు తెలుగువాళ్ళు కలిసిన చోట ఈ మధ్య తరచుగా ఒక మాట వినిపిస్తోంది: "ఆ కొరియా సీరియళ్ళు చూసి మన ఆడపిల్లలు పాడైపోతున్నారు." సెక్టర్-5 బాలాజీ గుడి దగ్గర అదే మాట, ఖుర్సీపార్ పెళ్ళిభోజనాల్లో అదే మాట, దుర్గ్ స్టేషన్‌లో విశాఖ వందే భారత్ కోసం ఎదురుచూసేవాళ్ళ మధ్యా అదే మాట. తండ్రులు అంటున్నారు, మేనమామలు అంటున్నారు, సంబంధాలు చూసిపెట్టే పెద్దలు అంటున్నారు. తల్లులూ అంటున్నారు. అదే నాకు అన్నిటికన్నా కష్టంగా ఉంది.

అంటున్నవాళ్ళు చెడ్డవాళ్ళేమీ కారు. ఎక్కువమంది కూతురి పెళ్ళి బెంగ పెట్టుకున్నవాళ్ళు. కాబట్టి వాళ్ళ వాదాన్ని తగ్గించకుండా, వాళ్ళు చెప్పుకునేంత బలంగానే ముందు చెబుతాను.

ఆ సీరియళ్ళలో మగవాడు అందగాడు, డబ్బున్నవాడు, ఆడపిల్ల నోరు తెరవకముందే మనసు కనిపెట్టేవాడు. బయట ప్రపంచంలో అలాంటివాడు దొరకడు. గంటల తరబడి అవి చూసిన అమ్మాయి కంటికి, స్టీల్ ప్లాంటులో నైట్ షిఫ్టు చేసి కళ్ళు మండుతూ ఇంటికొచ్చే కుర్రాడు ఆనడు. వచ్చిన ప్రతి సంబంధానికీ వంక పెడుతుంది. పెళ్ళైన మనిషైతే మొగుణ్ణి తెరమీది వాడితో పోల్చుకుని లోలోపల కుములుతుంది. అర్ధరాత్రి దాటేదాకా ఫోను, పొద్దున్న లేవలేని నీరసం. భాష రాదు, దేశం చూడలేదు, అయినా ఆ నటుల పుట్టినరోజులన్నీ కంఠతా వచ్చు. అట్లతద్ది నోము ఎలా పట్టాలో రాదు. పోనీ చూసేదైనా నిజమా అంటే, అసలు కొరియాలో ఆడవాళ్ళ బతుకు అలా లేనే లేదు. ఇదీ వాదం.

ఇందులో నాలుగు ఆరోపణలున్నాయి. నాలుగింటినీ ఖండిస్తున్నాను.

1. "పెళ్ళిళ్ళు కుదరకుండా చేస్తున్నాయి"

భిలాయి తెలుగు ఇళ్ళకు సంబంధాలు ఇప్పటికీ ఎక్కువగా శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచే వస్తాయి. కాబట్టి అక్కడి లెక్క చూద్దాం. జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్ళలోపు పిల్లల్లో వెయ్యి మంది మగపిల్లలకు ఆడపిల్లలు 2001లో 961 మంది. 2011 నాటికి అది 939కి పడిపోయింది. ఆ పదేళ్ళలో పుట్టిన తరమే ఇప్పుడు పెళ్ళి వయసుకు వస్తోంది. లింగనిర్ధారణ నిషేధ చట్టం 1994లోనే వచ్చింది. అయినా కడుపులో ఉన్నది ఆడపిల్లని తెలిసి వద్దనుకున్న కుటుంబాలు ఉన్నాయి. పాతికేళ్ళ తర్వాత పెళ్ళికూతురు దొరకడం లేదంటే ఆ లోటుకు కారణం స్కానింగ్ గదుల్లో వెతకాలి. ఆ రోజుల్లో మన ఇళ్ళలో ఏ కొరియా సీరియలూ లేదు.

రెండో కారణం అందరికీ తెలిసిందే, ఎవరూ పైకి అనరు. ఒకప్పుడు భిలాయి స్టీల్ ప్లాంటు (బీఎస్పీ)లో పర్మనెంటు ఉద్యోగం, సెక్టర్‌లో క్వార్టరు, పిల్లలకు కంపెనీ బడి, జబ్బు చేస్తే సెక్టర్-9 ఆసుపత్రి. కుర్రాడికి బీఎస్పీలో ఉద్యోగమంటే ఆడపిల్ల తండ్రి వేరే ప్రశ్న అడిగేవాడు కాదు. ఆ ఉద్యోగాలు తగ్గాయి, కాంట్రాక్టు పనులు పెరిగాయి. ఈలోగా ఆడపిల్లలు ఇంజనీరింగ్ చదివారు, బ్యాంకు పరీక్షలు రాశారు, రాయ్‌పూర్‌కో హైదరాబాద్‌కో వెళ్ళి సంపాదించుకుంటున్నారు. తిండికోసం పెళ్ళి చేసుకోవలసిన అవసరం తీరిపోయింది. అవసరం తీరిన మనిషి ఎంచుకుంటుంది. ఎంచుకోవడాన్నే మనం వంక పెట్టడం అంటున్నాం.

ఇంతకీ ఆ అమ్మాయి అడుగుతున్నదేమిటి? డబ్బున్న వారసుణ్ణా, తెల్లటి ఒంటి రంగునా? అభిమానులు పదేపదే చెప్పుకునే ఘట్టాలు రెండు చూపిస్తాను, మీరే తేల్చండి.

2019 డిసెంబరులో మొదలైన 'క్రాష్ లాండింగ్ ఆన్ యూ'లో కథానాయకుడు హ్యున్ బిన్ ఉత్తర కొరియా సైన్యంలో కెప్టెన్. దక్షిణ కొరియా నుంచి గాలివాటున వచ్చిపడిన నాయిక అతని ఇంట్లో తలదాచుకుంటుంది. వాసన వచ్చే కొవ్వొత్తి కావాలని అడుగుతుంది. అలాంటిదొకటి ఉంటుందని తెలియక అతను మామూలు కొవ్వొత్తి తెస్తాడు. తర్వాత ఒక సాయంత్రం ఆమె సంతలో తప్పిపోతుంది. చీకటి, జనం, ఎవరూ తెలియని ఊరు. ఆ జనం మధ్య అతను ఒక కొవ్వొత్తి వెలిగించి తలకన్నా ఎత్తుగా పట్టుకుని నిలబడతాడు. ఈసారి అది వాసన వచ్చేదే. అడిగింది గుర్తుపెట్టుకున్నాడు, మొదట తెచ్చింది తప్పని ఒప్పుకున్నాడు, సరిచేసుకున్నాడు. కోట్లమందికి ఆ ఘట్టం గుర్తుండిపోయింది, కానీ అందులో ఖరీదైన వస్తువు ఒక్కటీ లేదు. ఉన్నది ఒక కొవ్వొత్తి.

రెండోది 2025 మార్చిలో వచ్చిన 'వెన్ లైఫ్ గివ్స్ యూ టాంజరీన్స్'. జెజు దీవిలో చేపలు పట్టుకునే నిరుపేద గ్వాన్-షిక్ కథ అది. కోటీశ్వరుడూ లేడు, మేడా లేదు. అతని ఇంట్లో మగవాళ్ళ భోజనం బల్ల వేరు, ఆడవాళ్ళది వేరు. పెద్దవాళ్ళందరూ చూస్తుండగా గ్వాన్-షిక్ మగవాళ్ళ బల్లకు వీపు పెట్టి, భార్య కూర్చున్న వైపు తిరిగి తింటాడు. ఉపన్యాసం ఏమీ ఇవ్వడు. తిరిగి కూర్చుంటాడు, అంతే. మగవాళ్ళ పంక్తి లేచాక మిగిలిన కూరతో తినడం తెలిసిన మన ఆడవాళ్ళకు ఆ ఒక్క కదలిక ఎంత పెద్దదో వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇక పెళ్ళిచూపుల్లో మన కుర్రాడి తరఫువాళ్ళు ఏం అడుగుతారో గుర్తు తెచ్చుకోండి. పిల్ల తెల్లగా ఉండాలి, పొడుగుండాలి గాని కుర్రాడికన్నా కాదు. ఉద్యోగం చేయాలి, వంటా రావాలి. విశాఖలో ఒక ప్లాటు ఉంటే మంచిది. కట్నం తీసుకోవడం 1961 నుంచీ నేరం, అయినా "మీ ముచ్చట మీరు తీర్చుకోండి" అంటారు. ఈ జాబితాను ఎవరూ గొంతెమ్మ కోరికలనలేదు. ఏ సినిమా చూసి ఈ కుర్రాడు పాడైపోయాడని ఎవరూ అడగలేదు. తిన్న కంచం కడుగుతావా, నేను మాట్లాడేటప్పుడు వింటావా అని పిల్ల అడిగితే మాత్రం అది కొరియా ప్రభావం అయిపోయింది. రెండు వైపులా రెండు తూకపురాళ్ళు పెట్టి తూచే న్యాయం ఇది.

2. "అది పిచ్చి, కాలం దండగ"

మా సెక్టర్‌లో ఒక ఇల్లాలు సీరియల్ చూసే తీరు చెబుతాను. ఫోను పప్పు డబ్బాకు ఆనించి ఉంటుంది. ముందర తోటకూర. ఇయర్‌ఫోన్ ఒక్క చెవిలోనే. రెండో చెవి కుక్కర్ కూతకు, మామగారి పిలుపుకు, గేటు దగ్గర స్కూటర్ చప్పుడుకు ఖాళీగా ఉంచుకోవాలి. గేటు చప్పుడు వినగానే బొమ్మ ఆపేస్తుంది. పదహారు ఎపిసోడ్ల కథను ఆమె అలా ముక్కముక్కలుగా నెల రోజులు చూసింది. రెండు చెవులూ పెట్టి ఒక్క ఎపిసోడైనా చూసిందో లేదో. అదే ఇంట్లో క్రికెట్ మ్యాచ్ వస్తే మగవాళ్ళు హాల్లో కూర్చుని ఆరుగంటలు లేవరు, టీ వాళ్ళ దగ్గరకే వస్తుంది. దానికి ఎవరూ పిచ్చి అని పేరు పెట్టలేదు.

ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశమంతటా కాలవినియోగ సర్వే చేసింది. జీతంలేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు దానికే పెడుతున్నారని అప్పుడు తేలింది. మగవాళ్ళలో ఆ పని ముట్టుకునేవాళ్ళే నూటికి 26 మంది. ఆ ముట్టుకున్నవాళ్ళు పెట్టేది 97 నిమిషాలు. రోజుకు ఐదు గంటలు ఊరికే పనిచేసే మనిషి ఒక గంట తనకోసం తీసుకుంటే ఆ గంటకు లెక్క అడుగుతున్నాం. లెక్క అడగవలసింది మిగిలిన డెబ్భైనాలుగు మందిని.

అభిమానానికి హద్దు ఉండాలంటారా? ఉండాలి. ఆ హద్దు ఎక్కడ దాటిందో చూద్దాం. కటౌట్లకు పాలాభిషేకాలు చేసింది ఎవరు? హీరో కులాన్ని బట్టి కాలేజీల్లో కొట్టుకున్నది ఎవరు? 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర 'పుష్ప 2' ప్రీమియర్ తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది. ఆ అభిమానాన్ని మనం సంబరం అంటాం, మాస్ అంటాం. వంటింట్లో ఒక చెవితో కథ వినే మనిషిని పిచ్చిది అంటాం.

ఈ నింద కొత్తదీ కాదు. యద్దనపూడి సులోచనారాణి నవలలు ఇంటింటా చదివిన రోజుల్లో కూడా ఇదే మాట అన్నారు. 'సెక్రటరీ' నవల చదివి ఆడపిల్లలు అందులోని రాజశేఖరం లాంటి మొగుడు కావాలంటున్నారని, సంసారాలకు పనికిరాకుండా పోతారని. 1976లో అది అక్కినేని, వాణిశ్రీలతో సినిమా కూడా అయింది. ఆ జోస్యం నిజమైందో కాదో తేల్చడానికి ఇప్పుడు మనకు కావలసినంత సాక్ష్యం ఉంది. ఆ నవలలు చదివిన అమ్మాయిలు ఇవాళ మన ఇళ్ళలో డెబ్భై దాటిన అమ్మమ్మలు. 1960ల్లో, 70ల్లో ఆంధ్రా నుంచి కొత్తగా కాపురానికి ఈ ఊరు వచ్చి, భాష తెలియని చోట ఇళ్ళు నిలబెట్టింది వాళ్ళే. పిల్లల్ని చదివించిందీ, చీటీలు కట్టి సొంత ఇల్లు కొన్నదీ వాళ్ళే. నవలలు ఎవరినీ పాడుచేయలేదు. వాళ్ళలో చాలామంది ఇప్పుడు మనవరాలి పక్కన కూర్చుని కె-డ్రామా చూస్తున్నారు కూడా.

3. "పరాయి సంస్కృతి మనల్ని మింగేస్తోంది"

ఈ మాట వేరే ఊళ్ళో అంటే అర్థం చేసుకోగలను. భిలాయిలో ఎలా అంటారో నాకు అర్థం కాదు. ఈ ఊరే ఒక పరాయి దేశంతో స్నేహం మీద లేచింది. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభించారు. మన తాతలు రష్యన్ ఇంజనీర్ల పక్కన నిలబడి పని నేర్చుకున్నారు. ఆ స్నేహానికి గుర్తుగా కట్టిన మైత్రీబాగ్‌కు ఇప్పటికీ ఆదివారం పిల్లల్ని తీసుకెళుతున్నాం. అదే రోజుల్లో ఆ సోవియట్ దేశంలో 1954లో విడుదలైన 'ఆవారా' చూసి జనం రాజ్‌కపూర్ కోసం పడిచచ్చిపోయారు. వాళ్ళు రష్యన్లు కాకుండా పోయారా?

ఇంకా దగ్గరి ఉదాహరణ. 2022 అక్టోబరులో 'ఆర్‌ఆర్‌ఆర్' జపాన్‌లో విడుదలైంది. జపాన్ ఆడవాళ్ళు తారక్ కోసం, చరణ్ కోసం థియేటర్లకు పదేపదే వెళ్ళారు, తెలుగు పాటలు నేర్చుకున్నారు. అందరూ ఆడవాళ్ళే నటించే అక్కడి తకరాజుకా నాటక సంస్థ 2024లో ఆ కథను రంగస్థలం మీద ఆడింది. 2023 ఫిబ్రవరిలో ఢిల్లీలోని కొరియా రాయబార కార్యాలయం వాళ్ళు 'నాటు నాటు'కు చిందేస్తే ఆ వీడియో మన ఫోన్లన్నిటికీ వచ్చింది. మనం ఛాతీ విరుచుకున్నాం. జపాన్ మహిళ మన హీరోను అభిమానిస్తే తెలుగు ఘనత అయినప్పుడు, భిలాయి అమ్మాయి కొరియా హీరోను అభిమానిస్తే అది పతనం ఎలా అయింది? రెండూ ఒకే పని. పైగా మన సినిమావాళ్ళు కొరియా కథలు కొనుక్కుంటూనే ఉన్నారు. సమంత నటించిన 'ఓ బేబీ' 2014 నాటి కొరియా సినిమా 'మిస్ గ్రానీ'కి తెలుగు రూపం. కుటుంబాలతో సహా వెళ్ళి చూసి వచ్చాం.

సంస్కృతి పోతుందనే భయానికి మణిపూర్ కన్నా మంచి జవాబు లేదు. 2000లో అక్కడి సాయుధ సంస్థ ఒకటి హిందీ సినిమాలు ఆడకుండా చేశాక, కొరియా కార్యక్రమాలు ఇళ్ళలోకి వచ్చాయి. పాతికేళ్ళుగా చూస్తున్నారు. మణిపురి భాష పోలేదు. ఇంఫాల్‌లో ఆడవాళ్ళే నడిపే ఇమా కైథెల్ బజారు పోలేదు. మన ఇంట్లో తెలుగు పోతోందంటే దానికి కారణం కొరియన్ కాదు. పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దించకుండా పెంచింది మనం.

ఇక్కడే మరో మాట వినిపిస్తుంది. ఆ నటుల్ని "చైనా మొహాలు" అంటారు, పెదవులకు రంగు వేసుకునే "ఆడంగి"వాళ్ళంటారు. మొదటి మాట మన నగరాల్లో చదువుకునే ఈశాన్య రాష్ట్రాల పిల్లల మీద రోజూ పడే రాయి. అది ఇంట్లో అన్నా తప్పే. రెండోదానికి చాలామంది అభిమానులు, కొరియాలో మగవాళ్ళకు సైనిక సేవ తప్పనిసరి అనీ, హ్యున్ బిన్ మెరైన్ దళంలో పనిచేసి వచ్చాడనీ జవాబు చెబుతారు. నాకు ఆ జవాబు అక్కర్లేదు. తుపాకి పట్టకపోయినా ఒక మగవాడు మృదువుగా మాట్లాడవచ్చు, ఏడవవచ్చు, మొహానికి రంగు పూసుకోవచ్చు. మన వెండితెర కృష్ణుడు పెదవులకు రంగు లేకుండా ఏనాడు కనిపించాడు?

4. "చూసేదంతా అబద్ధం, అసలు కొరియా వేరు"

చదువుకున్నవాళ్ళు వేసే ప్రశ్న ఇది. నాలుగింటిలో బరువున్నదీ ఇదే. వాళ్ళు చెప్పే వాస్తవాలు నిజమే. ఓఈసీడీ దేశాల్లో ఆడ-మగ జీతాల తేడా అన్నిటికన్నా ఎక్కువున్నది దక్షిణ కొరియాలో, దాదాపు 30 శాతం. పెళ్ళిళ్ళు వద్దని, పిల్లలు వద్దని అక్కడి ఆడవాళ్ళు తేల్చిచెబుతున్నారు. 2023లో ఒక్కో స్త్రీకి సగటు జననాలు 0.72. చో నామ్-జూ 2016లో రాసిన 'కిమ్ జి-యంగ్, బోర్న్ 1982' నవల ఒక మామూలు ఇల్లాలు ఇంటా బయటా నలిగిపోయిన కథ. అక్కడ పదిలక్షల ప్రతులకు పైగా అమ్ముడుపోయింది.

వాస్తవాలు సరే. వాటి నుంచి తీసిన తీర్మానం తప్పు. ఆ సీరియళ్ళు కొరియా మగవాడు ఇలా ఉన్నాడని చెప్పే నివేదికలు కావు. ఎవరు రాస్తున్నారో చూడండి. 'గాబ్లిన్' రాసింది కిమ్ యున్-సూక్. 'క్రాష్ లాండింగ్', 'క్వీన్ ఆఫ్ టియర్స్' రాసింది పార్క్ జి-యున్. ఇద్దరూ ఆడవాళ్ళు. అలాంటి మగవాడు లేని చోట బతుకుతున్నవాళ్ళు కనకనే అతను ఎలా ఉండాలో అంత వివరంగా రాయగలిగారు. 2024లో వచ్చిన 'క్వీన్ ఆఫ్ టియర్స్'లో ఒక ఘట్టం ఉంది. కొరియాలో పితృకార్యం వంట కోడళ్ళ నెత్తిన పడుతుంది. పార్క్ జి-యున్ ఆ వంట కోడళ్ళ చేత చేయించలేదు. ఆ సంపన్న కుటుంబపు అల్లుళ్ళను వరసగా నిలబెట్టి వాళ్ళ చేత చేయించింది. తమకు ఏ రక్తసంబంధమూ లేని పూర్వీకుల కోసం తామెందుకు వండాలని ఆ అల్లుళ్ళు గొణుగుతారు. అత్తవారి తద్దినాలకు మడి కట్టుకుని గారెలు, పరమాన్నం వండిన ఏ తెలుగు కోడలికైనా ఆ గొణుగుడు తనదేనని తెలుసు. ఆ ఘట్టం చూసి నవ్వుతున్న అభిమాని మోసపోలేదు. తన ఇంటి సంగతి ఆమెకు అందరికన్నా బాగా తెలుసు.

ఈ కథల్లో లోపాలు లేవని నేను అనడం లేదు. అమ్మాయి మణికట్టు పట్టుకుని బరబరా లాక్కుపోయే హీరోలు పాత సీరియళ్ళలో కోకొల్లలు. 2009 నాటి 'బాయ్స్ ఓవర్ ఫ్లవర్స్'లో మొదటి ఎపిసోడ్ల నిండా హీరో వేధింపులే. దాన్ని విమర్శించింది ఎవరు? ఆ అభిమానులే. కొత్త సీరియళ్ళలో అది తగ్గిందని సంతోషించిందీ వాళ్ళే. వద్దన్న అమ్మాయి వెంట పాటలు పాడుతూ తిరిగే తెలుగు హీరోని చూస్తూ పెరిగిన మన కుర్రాళ్ళలో ఎంతమంది అది తప్పని అన్నారు? తన కథను తానే తప్పుపట్టగల ప్రేక్షకురాలికి, ఏది నిజమో ఏది కల్పనో మనం పాఠం చెప్పనక్కర్లేదు.

జపాన్‌లో ఇలాంటి తప్పే జరిగింది. 2003లో అక్కడి టీవీలో 'వింటర్ సొనాటా' వచ్చి, మరుసటి ఏడాది నటుడు బే యోంగ్-జూన్ ఆ దేశం వెళితే విమానాశ్రయానికి వేలమంది నడివయసు ఆడవాళ్ళు వచ్చారు. నవ్వినవాళ్ళు చాలామంది. ఇంతమంది ఇల్లాళ్ళు ఒక్కసారి ఎందుకు కదిలారు, వాళ్ళ ఇళ్ళలో ఏం కొరవడిందని అడిగినవాళ్ళు తక్కువ. మనం ఇప్పుడు ఆ నవ్వేవాళ్ళ వైపు నిలబడి ఉన్నాం.

కాబట్టి సంబంధాలు చూసే పెద్దలకు నేను చెప్పేది ఇది. కూతురి ఫోను లాక్కోవద్దు. వచ్చే మాఘమాసంలో శ్రీకాకుళం నుంచో, రిసాలీ నుంచో సంబంధం వస్తే, జీతం, ప్లాటు అడిగాక ఆ పిల్లను కూడా అడగనివ్వండి. నాకు ఫస్ట్ డ్యూటీ, నీకు జనరల్ షిఫ్టు అయిన రోజున పొద్దున్న కుక్కర్ ఎవరు పెడతారు? మీ అమ్మా నేనూ చివర తింటుంటే నువ్వు ఎటు తిరిగి కూర్చుంటావు? కుర్రాడు సిగ్గుపడకుండా జవాబు చెబితే ఆ సంబంధం ఖాయం చేసుకోండి. పిల్ల నోరు విప్పిందని అటువైపు పెద్దలు మొహం మాడ్చుకుంటే, ఆ కుర్చీలోంచి ముందుగా లేవవలసింది పిల్ల తండ్రి.